నేర్చుకున్న మాటలు మరిచిపోతోందా? ఆలస్యం చెయ్యకండి!



పోయిన వారం ఉసిరికాయ నిలవ పచ్చడి గురించి రాశాను కదా, బోలెడు ఉత్తరాలొచ్చాయి. వాటి మధ్యలో ఒక ఉత్తరంలో పచ్చడి మాటే లేదు. "మా మనవడికి మూడున్నరేళ్ళు. రెండేళ్ళప్పుడు చక్కగా మాట్లాడేవాడు. ఈమధ్య మాటలు తగ్గిపోతున్నాయి. నడుస్తూ నడుస్తూ పడిపోతున్నాడు. రెండుసార్లు ఫిట్స్ వచ్చాయి. పెద్దయితే అవే పోతాయంటున్నారు అందరూ. మీరేమంటారు?" అని ఒక అమ్మమ్మగారు రాశారు. పేరు వెయ్యొద్దన్నారు.

ఆ ఉత్తరం చదువుతూ పొయ్యి మీద పాలు పొంగిపోతున్నా చూసుకోలేదు నేను. అచ్చం ఇలాగే మొదలైంది మా ఇంట్లో కూడా. ఆవిడకి ఆ రోజే జవాబు రాసేశాను, "పెద్దయితే పోతాయని కూర్చోకండమ్మా, ఈ వారంలోనే పిల్లల నరాల డాక్టరుకి చూపించండి" అని. కానీ ఇలాంటి అమ్మమ్మలూ, అమ్మలూ ఇంకా ఎందరున్నారో అనిపించింది. అందుకే ఈ వారం పచ్చళ్ళూ పొడులూ పక్కన పెట్టి ఈ సంగతి రాస్తున్నాను.

ముందే చెప్తున్నాను, నేను డాక్టర్ని కాదు. ఇంటర్ దాకా చదువుకున్న గృహిణిని. ఆస్పత్రుల చుట్టూ తిరిగినప్పుడు డాక్టర్లు చెప్పింది నోటుపుస్తకంలో రాసుకుని, అర్థం కానిది సిగ్గుపడకుండా మళ్ళీ అడిగి తెలుసుకున్నదే ఇది.

మా మరిది తన సొంత అక్క కూతుర్నే చేసుకున్నాడు. అంటే ఆ అమ్మాయి మావారికి మేనకోడలు, పెళ్ళయ్యాక నాకు తోడికోడలు. మన వైపు ఇదేం వింత కాదు కదండీ. పిల్ల పరాయింటికి పోదు, పొలం బయటికి పోదు, కట్నం బాధ ఉండదు. 2019-21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో నాలుగు పెళ్ళిళ్ళలో సుమారు ఒకటి రక్త సంబంధీకుల మధ్య జరిగినదే. మా ఇంట్లో అందరం సంతోషంగానే చేశాం ఆ పెళ్ళి.

2009లో వాళ్ళకి పాప పుట్టింది. బుజ్జి అని పిలుచుకునేవాళ్ళం. బొద్దుగా, తెల్లగా, ఎవరెత్తుకున్నా నవ్వేది. నడక సమయానికే వచ్చింది. మాటలు మాత్రం కొంచెం ఆలస్యం. "వాళ్ళ నాన్నకీ ఆలస్యంగానే వచ్చాయి" అని మా అత్తగారు కొట్టిపారేశారు. మూడేళ్ళు నిండేసరికి నన్ను "పెద్దమ్మా" అనేది, ఇరవై దాకా అంకెలు చెప్పేది, పెరుగన్నం తన చెంచాతో తనే తినేది. ఈ మూడూ గుర్తుపెట్టుకోండి, మళ్ళీ వస్తాను వాటి దగ్గరికి.

2012లో ఒక సాయంత్రం మొదటిసారి ఫిట్స్ వచ్చాయి. అప్పుడు మేం చేసిన పనులు తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. ఒకరు చేతిలో తాళాలు పెట్టారు, ఒకరు ఉల్లిపాయ వాసన చూపించారు, నేనైతే పళ్ళ మధ్య చెంచా దూర్చబోయి చిగురు చీరేశాను. గుంటూరులో చూపిస్తే జ్వరం ఫిట్స్ అన్నారు. తర్వాత మూర్ఛ అని మాత్రలు ఇచ్చారు. కొన్నాళ్ళు తగ్గేవి, మళ్ళీ వచ్చేవి. మాత్రలు మార్చేవాళ్ళు. ఇంకోపక్క తాయెత్తులు, దిష్టి తీయడాలు, ఒక ఊళ్ళో పసరు మందు. ఇలా రెండేళ్ళు గడిచిపోయాయి.

2014లో హైదరాబాదులో ఒక పిల్లల నరాల డాక్టరమ్మ దగ్గరికి వెళ్ళాం. అంతవరకూ అందరూ "ఫిట్స్ ఎన్నిసార్లొచ్చాయి, ఎంతసేపొచ్చాయి" అనే అడిగారు. ఈవిడ ఒక్క ప్రశ్న వేరేగా అడిగింది. "ఇదివరకు పాపకి వచ్చి, ఇప్పుడు రానివి ఏమేమున్నాయి?" అని.

మా తోడికోడలు నోరు తెరిచి మళ్ళీ మూసేసింది. నేను చెప్పడం మొదలెట్టాను. ఇరవై దాకా అంకెలు చెప్పేది, ఇప్పుడు రెండు కూడా చెప్పదు. చెంచా పట్టుకోవడం మరిచిపోయింది. పెద్దమ్మా అనడం మానేసి ఎన్నాళ్ళయిందో కూడా మాకు గుర్తు లేదు. రోజూ కళ్ళెదుట ఉన్న పిల్లలో ఒక్కొక్కటీ పోతుంటే ఫిట్స్ గొడవలో పడి మేం లెక్కే పెట్టుకోలేదండీ. మాత్రల వల్ల మందకొడిగా ఉందనుకున్నాం.

ఈ వ్యాసం మొత్తంలో మీకు ఒక్క మాటే గుర్తుంటే చాలు, అది ఇదే. పిల్లలకి ఏదైనా ఆలస్యంగా రావడం వేరు, వచ్చింది పోవడం వేరు. ఆలస్యానికి రకరకాల కారణాలుంటాయి, చాలామంది పిల్లలు తర్వాత అందుకుంటారు. నేర్చుకున్న మాట, నడక, ఆట వెనక్కి పోతుంటే మాత్రం ఎప్పుడూ మామూలు విషయం కాదు. దానికి ఫిట్స్ కూడా తోడైతే అసలు ఆగకూడదు.

ఆ డాక్టరమ్మ తలకి స్కానింగు, ఇ.ఇ.జి. తీయించింది. తర్వాత వడపోత కాగితం మీద పాప రక్తం నాలుగు చుక్కలు ఆరబెట్టి పరీక్షకి పంపింది. ఆ తర్వాత జన్యు పరీక్ష. జబ్బు పేరు సి.ఎల్.ఎన్.2 అని తేలింది. బాటెన్ జబ్బులు అనే కుటుంబంలో ఇదొక రకం. ఇలాంటి పిల్లల గురించి మొట్టమొదట 1826లో నార్వే దేశంలో స్టెంగెల్ అనే డాక్టరు రాశాడట, ఒకే ఇంట్లో నలుగురు తోబుట్టువులకి వచ్చిందని. 1903లో ఇంగ్లండులో బాటెన్ అనే డాక్టరు రాశాక ఆయన పేరు నిలిచిపోయింది. మా పాపకి వచ్చిన రకానికి కారణమైన జన్యువుని 1997లో కనిపెట్టారు.

లోపల జరిగేదేమిటో మన వంటింటి భాషలో చెప్తాను. మన ఇంట్లో సింకు కింద గొట్టం ఉంటుంది కదా, రోజూ జిడ్డూ మెతుకులూ పోతూనే ఉంటాయి. పోయినన్నాళ్ళు మనకి దాని ఊసే ఉండదు. ఒకరోజు అడ్డుపడితే అప్పుడు తెలుస్తుంది. మెదడులోని కణాల్లో కూడా రోజూ చెత్త తయారవుతుంది. దాన్ని ముక్కలు చేసి బయటికి పంపే ఎంజైములు ఉంటాయి. వాటిలో టి.పి.పి.1 అనేది ఒకటి. అది తయారు కాకపోతే చెత్త కొంచెం కొంచెంగా పేరుకుపోయి కణాలు చచ్చిపోతాయి. అందుకే పాప పుట్టినప్పుడు బాగానే ఉంటుంది. రెండేళ్ళ నుంచి నాలుగేళ్ళ మధ్య బయటపడుతుంది. ముందు మాటలు, తర్వాత ఫిట్స్, తూలి పడిపోవడం, ఆ తర్వాత నడక, చూపు.

మరి ఎంజైము ఎందుకు తయారు కాలేదు? ప్రతి జన్యువూ మనకి రెండేసి ఉంటాయి, ఒకటి అమ్మ ఇచ్చింది, ఒకటి నాన్న ఇచ్చింది. బీరువాకి రెండు తాళంచెవులు ఉన్నట్టు అనుకోండి. ఒకటి విరిగినా రెండోదానితో తెరుచుకుంటుంది. ఒకటే విరిగినవాళ్ళకి ఏ జబ్బూ ఉండదు. వాళ్ళకి ఆ సంగతే తెలీదు. ఇలాంటివాళ్ళని క్యారియర్లు అంటారు. మా అత్తగారు "క్యారియరేంటే, అన్నం క్యారియరా" అనడిగారు. అంత నొప్పిలోనూ నవ్వొచ్చింది మాకు. అమ్మానాన్నలిద్దరూ ఒకే జన్యువుకి క్యారియర్లయితే, పిల్లకి రెండు వైపుల నుంచీ విరిగిన చెవే వచ్చే అవకాశం నాలుగింట ఒక వంతు. ఒక బిడ్డకి వచ్చింది కాబట్టి ఇంక ముగ్గురికి రాదని మాత్రం అనుకోకండి. ప్రతి కాన్పుకీ చీటీలు కొత్తగా వేసినట్టే.

మేనరికం మాట ఇక్కడొస్తుంది. మనుషులందరిలోనూ ఏవో కొన్ని విరిగిన తాళంచెవులు ఉంటాయి. బయటివాళ్ళని చేసుకుంటే ఇద్దరిదీ ఒకే చెవి విరిగి ఉండటం అరుదు. ఒకే తాతా నాయనమ్మల నుంచి వచ్చినవాళ్ళయితే ఒకే విరిగిన చెవి ఇద్దరికీ దిగి ఉండొచ్చు. బావామరదళ్ళకి జన్యువుల్లో ఎనిమిదో వంతు, మేనమామా మేనకోడళ్ళకి నాలుగో వంతు ఒకటే ఉంటాయి. అలాగని మేనరికం చేసుకున్నవాళ్ళందరూ భయపడిపోనక్కర్లేదు. ఎవరి పిల్లలకైనా పుట్టుకతో పెద్ద లోపమేదైనా ఉండే అవకాశం నూటికి రెండు మూడు ఉంటుంది. బావామరదళ్ళ పిల్లల్లో అది రమారమి రెట్టింపు అవుతుంది. అంటే నూటికి తొంభైకి పైగా పిల్లలు బాగానే పుడతారు. కానీ ఆ మిగిలిన కొద్దిమందిలో మన పిల్ల ఉంటే, లెక్కలు ఓదార్చవు కదండీ.

మా ఇంట్లో మాత్రం జబ్బు పేరు తెలిసేదాకా నింద మోసింది మా తోడికోడలే. గ్రహణం రోజున కత్తిపీట ముట్టుకుందని అత్తగారు అన్నారు. సొంత మనవరాలే అయినా అన్నారు. కడుపుతో ఉండగా టీవీ ఎక్కువ చూసిందని ఇంకొకరు, పాలు సరిగా పట్టలేదని మరొకరు. ఆ పిల్ల ఐదేళ్ళు తల దించుకునే తిరిగింది. జన్యు సలహాదారు మా అందరినీ కూర్చోబెట్టి చెప్పింది, ఇది మావగారి వైపు నుంచో అత్తగారి వైపు నుంచో వచ్చి, మా మరిదికీ, అతని అక్కకీ, ఆవిడ నుంచి కూతురికీ దిగిందని. ఎవరూ చేతులారా చేసింది కాదని. ఆ రోజు రాత్రి మా అత్తగారు మనవరాలి పక్కన కూర్చుని జడ వేశారు. నోటితో ఏమీ అనలేదు. అనకపోయినా మాకు అర్థమైంది.

బుజ్జి మా దగ్గర 2019 దాకా ఉంది. పదేళ్ళు. చివరి నాలుగేళ్ళూ మంచం మీదే. ఆ పిల్లకి వండిపెట్టడంలో నేను నేర్చుకున్న ఒకటి రెండు సంగతులు, ఇలాంటి పిల్లలున్న తల్లుల కోసం చెప్తాను. మింగడం కష్టమైన పిల్లలకి నీళ్ళలాంటివే తేలిగ్గా దిగుతాయనుకుంటాం. కాదు. పల్చటివే గొంతులో పొరబోతాయి. రాగిజావైనా, పప్పునీళ్ళైనా కాస్త చిక్కగా ఉండాలి. ఎంత చిక్కగా అన్నది డాక్టరుని గానీ, మింగడం నేర్పే థెరపిస్టుని గానీ అడగాలి. పడుకోబెట్టి పెట్టకూడదు, కూర్చోబెట్టి పెట్టాలి, తిన్నాక అరగంట అలాగే ఉంచాలి. తినేటప్పుడు దగ్గు ఎక్కువైతే, తరచు జ్వరం, ఆయాసం వస్తుంటే తిండి ఊపిరితిత్తుల్లోకి పోతోందేమో చూపించాలి. గొట్టం ద్వారా పెట్టమంటే ఏడుస్తూ వద్దనకండి. మేం ఆరు నెలలు వద్దని పాపని ఆకలితో మాడ్చాం.

ఈ జబ్బుకి మందు లేదా అంటారేమో. 2017 ఏప్రిల్‌లో అమెరికాలో ఒక మందుకి అనుమతి వచ్చింది. పేరు సెర్లిపోనేజ్ ఆల్ఫా. లేని ఎంజైముని బయట తయారుచేసి, తల చర్మం కింద అమర్చిన చిన్న పరికరం ద్వారా రెండు వారాలకి ఒకసారి మెదడులోని ద్రవంలోకి ఎక్కిస్తారు. నయం చెయ్యదు. నడక, మాట పోవడాన్ని బాగా నెమ్మదింపజేస్తుంది. ఖరీదు మనలాంటివాళ్ళు ఊహించలేనంత. 2024లో మూడేళ్ళలోపు పిల్లలకి కూడా అక్కడ అనుమతి ఇచ్చారు, ఎందుకంటే ఎంత ముందుగా మొదలెడితే అంత మిగులుతుంది. పోయింది తిరిగి రాదు. మా బుజ్జి మంచం పట్టాక వచ్చింది ఆ మందు. పేపర్లో చదివి ఆ కాగితం మడిచి బియ్యండబ్బా వెనక దాచాను, మా తోడికోడలి కంట పడకుండా. తనూ చదివిందని, తనూ నాకు కనపడకుండా దాచిందని తర్వాత తెలిసింది.

అయితే ఇంత ఖర్చు లేకుండా, మన చేతిలో ఉన్న వైద్యంతోనే బాగుపడే జన్యు జబ్బులు కూడా ఉన్నాయి. పరీక్ష త్వరగా చేయించండని మొత్తుకునేది అందుకే. కొందరు పసిబిడ్డలకి ఏ మూర్ఛ మందుకీ ఫిట్స్ ఆగవు, బి6 విటమిను ఇస్తే ఆగుతాయి. ఇంకొందరికి బయోటిన్ అనే విటమినుని శరీరం వాడుకోలేక ఫిట్స్, ఒంటి మీద పొక్కులు, జుట్టు ఊడటం వస్తాయి. రోజూ బయోటిన్ ఇస్తే మామూలుగా పెరుగుతారు. రెండూ జీవితాంతం వాడాలి, అంతే. ఆలస్యమైతే మాత్రం చెవుడూ, చూపు తగ్గడం లాంటివి మిగిలిపోవచ్చు.

మన వంటింటికి సంబంధించింది ఇంకోటుంది. గ్లూట్1 లోపం అంటారు. తిన్న అన్నంలోని చక్కెర రక్తంలో ఉన్నా మెదడులోకి సరిగా వెళ్ళదు. ఆకలితో ఉన్న మెదడు ఫిట్స్ తెచ్చుకుంటుంది. దీనికి వైద్యం తిండే. అన్నం, చక్కెర బాగా తగ్గించి నెయ్యి, కొబ్బరినూనె, మీగడ లాంటి కొవ్వులతో నడిపే కీటోజెనిక్ ఆహారం. కొవ్వు నుంచి తయారయ్యే కీటోనులు మెదడుకి ఇంధనంగా పనికొస్తాయి. ఈ మాట విని రేపట్నుంచి పిల్లలకి అన్నం మానిపించేరు, వద్దు! ప్రతి పూటా గ్రాముల్లో తూచి పెట్టే వైద్యం అది. కొన్ని రకాల జబ్బుల్లో ఆ తిండి ప్రమాదం కూడా. డాక్టరూ, డైటీషియనూ దగ్గరుండి మొదలుపెట్టాల్సిందే. దగ్గు మందులోని తీపి కూడా లెక్కలోకి వస్తుంది.

మందుల విషయంలోనూ జన్యువు పేరు తెలియడం అవసరం. డ్రావే అనే రకం మూర్ఛలో మామూలుగా వాడే కొన్ని మాత్రలే ఫిట్స్‌ని పెంచుతాయి. పి.ఒ.ఎల్.జి. అనే జన్యువు లోపం ఉన్న పిల్లలకి వాల్‌ప్రొయేట్ అనే మందు కాలేయాన్ని పాడుచేస్తుంది. అలాగని ఇది చదివి ఇంట్లో మాత్రలు ఆపకండి. ఉన్నట్టుండి ఆపితే ఫిట్స్ ఆగకుండా వస్తాయి. డాక్టరుని అడగండి, అంతే. ఇంకో సంగతి, డ్రావేలాంటివి ఎక్కువగా మేనరికం వల్ల రావు. అమ్మానాన్నల్లో లేని మార్పు బిడ్డలో కొత్తగా పుడుతుంది. కాబట్టి బయటి సంబంధం చేసుకున్నాం, మాకేం కాదనుకోవడానికీ లేదు. ఎవరినైనా ఆడిపోసుకోవడానికీ లేదు.

ఇప్పుడు అసలు ఈ వ్యాసం రాయడానికి నన్ను తోసిన సంగతి చెప్తాను. పోయిన ఏడాది మా పెద్దొదిన, అంటే బుజ్జికి అమ్మమ్మ, మా అమ్మాయిని తన కొడుక్కి అడిగింది. కుర్రవాడు బంగారం. బెంగళూరులో ఉద్యోగం. నన్ను "అత్తయ్యా" అని నోరారా పిలుస్తాడు. మా అమ్మాయికి ఇరవై ఒకటి. మావారు సంబరపడ్డారు. నాకు మాత్రం గుండె ఆగినంత పనైంది. "వదినా, బుజ్జిని మరిచిపోయావా?" అన్నాను. "దాని రాత అది. అందరికీ అలాగే అవుతుందా? నా పుట్టింటి పిల్లని నేను అడక్కూడదా?" అంది. కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మూడు నెలలు మాటల్లేవు మా మధ్య.

నేను నోటుపుస్తకం తీసి లెక్క వేసుకున్నాను. మావారికి ఆ విరిగిన చెవి వచ్చి ఉండే అవకాశం సగం. మా అమ్మాయికి అందులో సగం. మా మేనల్లుడికి సగం. ఇద్దరికీ ఉండే అవకాశం ఎనిమిదింట ఒక వంతు. ఎక్కువా తక్కువా? పెళ్ళివారు తక్కువంటారు. పదేళ్ళు మంచం పక్కన కూర్చున్నదాన్ని, నాకు ఎక్కువే.

అప్పుడు డాక్టరమ్మకి ఫోన్ చేస్తే చెప్పింది, "లెక్కలెందుకమ్మా, ఇంట్లో ఏ లోపమో మనకి ముందే తెలుసు కదా. ఆ ఒక్కటే వెతికే రక్తపరీక్ష తేలిక, ఖర్చూ తక్కువ" అని. ముందు మావారు చేయించుకున్నారు. ఆయన క్యారియరే. ఇక మా అమ్మాయిని ఎలా అడగాలా అని నేను సతమతమవుతుంటే, "నా ఒంట్లో సంగతి నేను తెలుసుకోనా అమ్మా" అని తనే బయల్దేరింది. తనకీ ఉంది. వారం తిరక్కుండా బెంగళూరు నుంచి ఫోన్. ఎవరికీ చెప్పకుండా పరీక్ష చేయించుకున్నాడు మా మేనల్లుడు. "అత్తయ్యా, నాకూ ఉందట. అమ్మకి నేనే చెప్తాను" అన్నాడు.

పెళ్ళి చేసుకోకూడదని డాక్టర్లెవరూ అనలేదు. చేసుకున్నా కడుపులో ఉండగానే పరీక్ష చేయించుకునే దారి ఉందన్నారు. అది నిజమే. మా తోడికోడలు రెండోసారి కడుపుతో ఉన్నప్పుడు పదకొండు పన్నెండు వారాల మధ్యలో మాయ నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేశారు. జబ్బు లేదని తేలింది. 2016లో బాబు పుట్టాడు, గోడలెక్కి దూకుతున్నాడు. పదిహేను పదహారు వారాలు దాటితే ఉమ్మనీరు తీసి కూడా చూస్తారు. కడుపులో ఆడా మగా చెప్పడం నేరం గానీ, ఇలాంటి జబ్బు ఉందో లేదో రిజిస్టరైన సెంటర్లో చూడటానికి చట్టం ఒప్పుకుంటుంది. అయితే ఆ ఫలితం వచ్చేదాకా మా తోడికోడలు గడిపిన రోజులు నేను చూశాను. మా పిల్లలిద్దరూ ఆలోచించుకుని, వద్దనుకున్నారు. వాళ్ళ నిర్ణయం అది, మేం చెప్పింది కాదు.

సంబంధం ఆగింది. కానీ ఇంకో ప్రశ్న మిగిలింది. మా అమ్మాయి క్యారియరని రేపు వచ్చే సంబంధం వాళ్ళకి చెప్పాలా, దాచాలా? మా వాళ్ళు చాలామంది "నోరు మూసుకో, పిల్ల పెళ్ళి కాదు" అన్నారు. నేనూ చాలా రాత్రులు ఆలోచించాను. అసలు దాచడానికి అది జబ్బే కాదు కదా. మా అమ్మాయి ఆరోగ్యంగా ఉంది. ఎప్పటికీ ఆ జబ్బు తనకి రాదు. చేసుకోబోయే అబ్బాయి ఒక్క రక్తపరీక్ష చేయించుకుని, తనకి ఆ జన్యువు బాగుందని తేలితే పిల్లలకి దాని భయం దాదాపు లేనట్టే. దాస్తే రేపు ఇంకో బుజ్జి పుట్టొచ్చు. అందుకే చెప్పే చేస్తాం. మా అమ్మాయే "రాయమ్మా" అంటేనే ఇదంతా మీకు రాశాను. మా ఒదినకీ, తోడికోడలికీ కూడా చదివి వినిపించాను. మా ఒదిన అంతా విని, "బుజ్జి ఇరవై దాకా అంకెలు చెప్పేదని రాశావు కదూ, అది తియ్యకు" అంది.

ఇక మీరు చెయ్యాల్సినవి, వరసగా చెప్తాను.

ఒకటి. పిల్లలకి వచ్చినవాటి పక్కన తేదీ వేసుకోండి. మొదటి మాట, మొదటి అడుగు. ఏదైనా పోతుంటే అదీ రాయండి. ఫోన్లో వీడియో తీసి పెట్టండి. ఫిట్స్ వచ్చినప్పుడు కూడా ఇంకొకరిని వీడియో తియ్యమనండి, డాక్టరుకి ఎంతో పనికొస్తుంది.

రెండు. ఫిట్స్ వస్తే పిల్లని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి, నీళ్ళు కూడా. కదలకుండా గట్టిగా పట్టుకోకండి. తాళాలూ ఉల్లిపాయలూ వద్దు. గడియారం చూడండి. ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆస్పత్రికి.

మూడు. వచ్చింది పోతోందని అనుమానం ఉంటే, "జన్యు పరీక్ష అవసరమా డాక్టరుగారూ?" అని మీరే అడగండి. మేనరికమైతే దాచకుండా చెప్పండి. హైదరాబాదులో నిమ్స్ ఆస్పత్రి, సి.డి.ఎఫ్.డి. సంస్థ కలిసి అరుదైన వ్యాధుల కేంద్రంగా పనిచేస్తున్నాయి. 2021లో కేంద్ర ప్రభుత్వం అరుదైన వ్యాధుల విధానం ప్రకటించింది. జాబితాలో ఉన్న జబ్బులకి ఇలాంటి కేంద్రాల ద్వారా సాయం ఇస్తారు. అన్ని జబ్బులూ అందులో లేవు, అయినా అడిగి తెలుసుకోండి.

నాలుగు. మీ ఇంట్లో సంబంధం మాట్లాడుకునే ముందు, పాత క్యాలెండరు కాగితం వెనక రెండు వైపులా మూడు తరాలు రాయండి. చిన్నప్పుడే ఫిట్స్ వచ్చి పోయిన పిల్లలు, మంచం పట్టి పోయిన పిల్లలు, పెద్దలు "బాలారిష్టం" అని వదిలేసినవాళ్ళు ఉన్నారేమో అడగండి. మా అత్తగారిని అడిగితే, వాళ్ళ పినతాతగారింట్లో నాలుగేళ్ళకే మాట పడిపోయి పోయిన పిల్లాడు ఒకడున్నాడని చెప్పారు. అదే జబ్బో కాదో ఎవరికి తెలుసు? ఆయన ఇంటి పెళ్ళిళ్ళలో ఎవరూ ఎప్పుడూ అడగలేదట.

ఐదు. ఇలాంటి పిల్ల ఉన్న ఇంటికి వెళ్తే తల్లిని ఏమీ అడక్కండి. ఒక పూట వంట చేసి క్యారియరు తీసుకెళ్ళండి. ఒక గంట పిల్ల దగ్గర కూర్చుని ఆమెని నిద్రపోనివ్వండి.

ఉత్తరం రాసిన అమ్మమ్మగారూ, మీ మనవణ్ణి చూపించారని తలుస్తాను. డాక్టరు ఏమన్నారో తప్పకుండా రాయండి. వచ్చే వారం మళ్ళీ మన ఉసిరికాయల దగ్గరికే వద్దాం, నల్లబడకుండా ఊరగాయ ఎలా నిలవ ఉంచాలో చాలామంది అడిగారు.

ఉంటాను మరి.